ఐఈఎల్‌టీఎస్ రీడింగ్, రైటింగ్: బ్యాండ్ 6 దగ్గరే ఆగిపోతుంటే ఏం చేయాలి?

ఐఈఎల్‌టీఎస్ అంటే విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష, అందులో 9కి ఇచ్చే స్కోరే బ్యాండ్. గుంటూరు బ్రాడీపేటలోనో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరో కోచింగ్ తీసుకుని, ఈ పరీక్ష రాసి, రిజల్ట్ చూసుకున్నాక పిల్లలు అడిగేది దాదాపు ఒకటే: "లిజనింగ్ బాగానే వచ్చింది, స్పీకింగ్ పర్లేదు. రీడింగ్, రైటింగ్ మాత్రం 6, 5.5 దాటట్లేదు. ఇంకెన్ని మాక్ టెస్టులు రాయాలి?"

మాక్ టెస్టులు పెంచినంత మాత్రాన బ్యాండ్ పెరగదు. ఇంటర్‌లో మనకు అబ్బిన అలవాటు వేరు. ఎన్ని బిట్లు చేస్తే అన్ని మార్కులు అనుకుని పొద్దున్నుంచి రాత్రి స్టడీ అవర్ దాకా చేశాం, ఎంసెట్‌కు అది పనికొచ్చింది కూడా. అక్కడ మీకు ఏం తెలుసో చూస్తారు. ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌లో, రైటింగ్ మొదటి టాస్క్‌లో అలా కాదు. ఎదురుగా కాగితం మీద ఉన్నదే లెక్క, మీకు ముందే తెలిసింది అడ్డం వస్తుంది. రైటింగ్ రెండో టాస్క్‌లో మాత్రం మీ సొంత బుర్ర కావాలి. మనవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు. రీడింగ్‌లో సొంత తెలివి వాడతారు, వ్యాసంలో బట్టీ పట్టింది దించుతారు. కింది స్టెప్పుల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క తిరకాసును సరిచేసుకోవడానికే.

ఇది అకడమిక్ పరీక్ష, అంటే యూనివర్సిటీ చదువుకు అడిగే రకం, రాసేవాళ్లకు. జనరల్ ట్రైనింగ్ (ఎక్కువగా ఉద్యోగానికి, వలసకు రాసే రకం) వాళ్లకు రైటింగ్ మొదటి టాస్క్‌లో గ్రాఫ్ బదులు ఉత్తరం ఉంటుంది, రీడింగ్ పాఠాలు కూడా వేరు. మిగతా చాలావరకు వాళ్లకూ పనికొస్తుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- కేంబ్రిడ్జ్ వాళ్లు వేసిన అసలు పేపర్ల పుస్తకాలు రెండో మూడో. విజయవాడ ఏలూరు రోడ్డులో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఒకసారి అడిగి చూడండి. పాత పుస్తకం కొంటే ముందు వాడినవాళ్లు పెన్సిల్‌తో పెట్టిన జవాబులన్నీ చెరిపేశాకే మొదలుపెట్టండి, లేకపోతే కన్ను అటే పోతుంది.
- తప్పుల కోసం విడిగా ఒక నోటుబుక్కు. ఇది లేకుండా మిగతావన్నీ ఉన్నా లాభం తక్కువ.
- టేబుల్ మీద పెట్టుకునే గడియారం. ఫోన్‌లో టైమర్ వద్దు, మధ్యలో మెసేజ్ వస్తుంది.
- కంప్యూటర్ పరీక్ష బుక్ చేసుకుంటే మామూలు కీబోర్డు. ఫోన్ మీద ఎంత స్పీడుగా టైప్ చేసినా ఆ స్పీడు కీబోర్డు మీదికి రాదు. ఇంట్లో లేకపోతే నెట్ సెంటర్లో రోజూ అరగంట కూర్చోండి.
- మీరు రాసింది చదివి, అర్థం కానిచోట మొహమాటం లేకుండా "ఇదేంటి?" అని అడిగే మనిషి ఒకరు. ఇంగ్లిష్ టీచరే కానక్కర్లేదు.

పరీక్ష లెక్క క్లుప్తంగా: రీడింగ్‌కు 60 నిమిషాలు, 3 పాఠాలు, 40 ప్రశ్నలు. రైటింగ్‌కు 60 నిమిషాలు, 2 టాస్కులు. మొదటిది కనీసం 150 మాటలు, రెండోది కనీసం 250. రెండో టాస్క్‌కు మొదటిదానికి రెట్టింపు విలువ. అకడమిక్ రీడింగ్‌లో 40కి 23 వస్తే సుమారు బ్యాండ్ 6, 30 వస్తే 7, 35 వస్తే 8. జనరల్ ట్రైనింగ్‌లో 7కి దాదాపు 34 కావాలి. తప్పు జవాబుకు మైనస్ మార్కులు లేవు.

రీడింగ్

1. ముందు మీ తప్పులు ఏ జాతివో తేల్చుకోండి.

గడియారం పెట్టుకుని ఒక పూర్తి పేపర్ చేయండి. దిద్దుకున్నాక మార్కులు చూసి పుస్తకం మూసేయకండి. తప్పైన ప్రతి ప్రశ్న పక్కనా ఒక గుర్తు పెట్టండి. పాఠంలో లేకపోయినా తెలుసు కదా అని రాసేస్తే "తె". మాటకు అర్థం తెలియక పోతే "మా". టైమ్ చాలకపోతే "టై". జవాబు తెలిసీ స్పెల్లింగ్ దగ్గరో, చివర 'ఎస్' దగ్గరో పోగొట్టుకుంటే "స్పె". మూడు పేపర్లు అయ్యేసరికి ఏ గుర్తు ఎక్కువుందో కనిపిస్తుంది. "మా" ఎక్కువ ఉంటుందని అందరూ అనుకుంటారు. చాలామంది నోటుబుక్కుల్లో "తె", "స్పె" ఎక్కువ ఉంటాయి. ఈ రెంటికీ డిక్షనరీ బట్టీ పట్టడం మందు కాదు.

2. టైమ్‌ను సమానంగా పంచకండి.

మూడు పాఠాలకు తలా 20 నిమిషాలు అని చెబుతుంటారు. సాధారణంగా మూడోదే కష్టంగా ఉంటుంది కాబట్టి 17, 20, 23గా పంచుకుంటే ఊపిరి ఆడుతుంది. ఒక ప్రశ్న దగ్గర ఒకటిన్నర నిమిషం దాటితే తోచింది రాసి, గుర్తు పెట్టుకుని ముందుకు పొండి. ఖాళీ మాత్రం వదలొద్దు.

జాగ్రత్త: పేపర్ మీద రాసేవాళ్లకు లిజనింగ్‌లో జవాబులు ఎక్కించుకోవడానికి విడిగా 10 నిమిషాలు ఇస్తారు. రీడింగ్‌లో ఇవ్వరు. ప్రశ్నపత్రం మీద రాసుకుని చివర్లో ఎక్కిద్దామనుకుంటే అంతే సంగతులు. జవాబు దొరికింది దొరికినట్టు ఆన్సర్ షీట్‌లోకి వెళ్లిపోవాలి.

3. ప్రశ్న రకం చూసి వెతికే పద్ధతి మార్చండి.

ట్రూ-ఫాల్స్-నాట్ గివెన్ (ఇచ్చిన వాక్యం పాఠం ప్రకారం నిజమా, కాదా, పాఠంలో అసలు చెప్పలేదా), వాక్యాలు పూరించడం లాంటి వాటికి జవాబులు పాఠంలో వరసగానే వస్తాయి. 4వ జవాబు రెండో పేరాలో దొరికితే 5వది దాని పైన వెతకక్కర్లేదు. పేరాలకు హెడింగ్‌లు జతచేయడం, "ఈ సమాచారం ఏ పేరాలో ఉంది?" అనేవి మాత్రం వరసలో ఉండవు. హెడింగ్‌లు ఉంటే నేనైతే వాటిని ముందు చేయమంటాను. పాఠం మొత్తం ఒకసారి తిరిగొచ్చినట్టు అవుతుంది, తర్వాతి ప్రశ్నలకు ఎక్కడ చూడాలో తెలుస్తుంది. "ఏ పేరాలో ఉంది" రకాన్ని ఆ పాఠంలో ఆఖరుకు ఉంచుకోండి. అప్పటికి సగం జవాబులు మీ కంట పడే ఉంటాయి.

హెడింగ్ పెట్టేటప్పుడు జరిగే పొరపాటు: పేరాలో ఉన్న మాటే హెడింగ్‌లోనూ కనబడగానే జతచేసేయడం. పేపర్ పెట్టేవాళ్లు ఆ మాటను కావాలనే అక్కడ వేస్తారు. పేరా మొత్తం దేని గురించో తెలుగులో ఐదారు మాటల్లో మనసులో చెప్పుకుని, ఆ తర్వాత హెడింగ్‌లు చూడండి.

4. నాట్ గివెన్ దగ్గర మీ ఊరి జ్ఞానం పక్కన పెట్టండి.

మార్కులు ఎక్కువ పోయేది ఇక్కడే కాబట్టి ఒక ఉదాహరణ చేద్దాం. పాఠంలో ఇలా ఉందనుకోండి:

"కృష్ణా నది మీద విజయవాడ దగ్గర పాత ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని స్థానంలో కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో వాడకంలోకి వచ్చింది. బ్యారేజీ మీద రోడ్డు కూడా ఉంది."

ఇప్పుడు మూడు వాక్యాలు:
అ) ఆనకట్ట పూర్తయిన వందేళ్లకు పైగా గడిచాక బ్యారేజీ వచ్చింది.
ఆ) బ్యారేజీని ఆనకట్ట కంటే ముందే కట్టారు.
ఇ) బ్యారేజీ వచ్చాక డెల్టాలో వరి దిగుబడి పెరిగింది.

మొదటిది ట్రూ. "వందేళ్లు" అనే మాట పాఠంలో లేదు, కానీ 1855, 1957 ఉన్నాయి, తీసివేస్తే 102. పాఠంలో ఉన్న అంకెలతో లెక్క కట్టడం సొంత తెలివి వాడటం కిందికి రాదు. రెండోది ఫాల్స్, పాఠం దానికి ఎదురు చెబుతోంది. మూడోది నాట్ గివెన్. తెనాలి పిల్లలైనా, ఉయ్యూరు పిల్లలైనా దీన్ని ఠక్కున ట్రూ అనేస్తారు, ఎందుకంటే కాలువ నీళ్ల సంగతి వాళ్లకు ఇంట్లోనే తెలుసు. పాఠంలో దిగుబడి మాటే లేదు.

సరిచూసుకునే పద్ధతి: ట్రూ అన్నా, ఫాల్స్ అన్నా పాఠంలో ఏ వాక్యాన్ని బట్టి అన్నారో వేలు పెట్టి చూపించగలగాలి. వేలు పెట్టడానికి చోటు దొరక్కపోతే నాట్ గివెన్. ఫాల్స్‌కూ నాట్ గివెన్‌కూ మధ్య ఊగుతుంటే "పాఠం దీన్ని కాదంటోందా, లేక ఊరుకుందా?" అని అడగండి. "అందరూ", "ఎప్పుడూ", "మొట్టమొదటి", "మాత్రమే" లాంటి మాటలున్న వాక్యాన్ని రెండుసార్లు చదవండి. పాఠంలో "కొందరు" అని ఉండి, ప్రశ్నలో "అందరూ" అని ఉంటే అక్కడే తిరగబడుతుంది.

ఇంకొకటి. కొన్ని ప్రశ్నలకు ట్రూ-ఫాల్స్ అడుగుతారు, కొన్నింటికి యెస్-నో. రెండోది రచయిత అభిప్రాయం గురించి. ఏది అడిగితే అదే రాయండి.

5. పూరించే ప్రశ్నల్లో మాటల లెక్క దాటొద్దు.

"రెండు మాటలకు మించకూడదు" అంటే మూడు మాటల జవాబు అర్థంలో ఎంత సరైనదైనా తప్పే. పాఠంలో నుంచి మాటలు తీసుకోమన్నప్పుడు ఉన్నది ఉన్నట్టు తీసుకోండి, సొంత పర్యాయపదం వద్దు. అడ్డగీతతో కలిపిన మాటను ఒకటిగానే లెక్కపెడతారు. ఖాళీకి ముందూ వెనకా చదివి, అక్కడ ఏకవచనం పడుతుందా, బహువచనం పడుతుందా చూడండి. పాఠంలో చివర 'ఎస్' ఉండి మీరు వదిలేస్తే మార్కు పోయినట్టే. స్పెల్లింగ్ బ్రిటిష్‌దైనా, అమెరికన్‌దైనా ఒప్పుకుంటారు.

"స్పె" ఎక్కువ ఉన్నవాళ్లు చివరి రెండు నిమిషాలు కొత్త ప్రశ్న పట్టుకోకుండా రాసిన మాటలను పాఠంతో అక్షరం అక్షరం పోల్చుకోండి. కష్టమైన ప్రశ్న ఒకటి వదిలినా, ఇక్కడ రెండు మూడు మార్కులు వెనక్కి వస్తాయి.

6. మాటలను జతలుగా రాసుకోండి.

ప్రశ్నలో ఒక మాట, పాఠంలో దానికే ఇంకో మాట. ఈ పరీక్ష ఆట అంతా ఇదే. దిద్దుకునేటప్పుడు ఆ జతను నోటుబుక్కులో ఎక్కించండి: ప్రశ్నలో "చీప్" అని ఉంది, పాఠంలో "అఫర్డబుల్" అని ఉంది. అక్షరక్రమంలో వెయ్యి మాటలు నేర్చుకోవడం కంటే ఇలా దొరికిన వంద జతలు మేలు. "మా" గుర్తు ఎక్కువ ఉన్నవాళ్లు రోజూ ది హిందూలో పరీక్షతో సంబంధం లేని వ్యాసం ఒకటి చదవండి. సైన్సు పేజీ అయితే ఇంకా మంచిది.

రైటింగ్

7. రెండు టాస్కులకూ టైమ్ కట్టేయండి.

మొదటిదానికి 20 నిమిషాలు, రెండోదానికి 40. మొదటిది అందంగా రావాలని 30 నిమిషాలు తినేసి, రెండోది సగంలో ఆపేసినవాళ్లే 5.5 దగ్గర ఎక్కువ. టైమ్ మీద అదుపు రాకపోతే రెండో టాస్క్ ముందు రాయండి. ఏది ముందు రాసినా అభ్యంతరం లేదు.

పేపర్ మీద రాసేవాళ్లు తమ చేతిరాతలో ఒక వరసకు ఎన్ని మాటలు పడతాయో ఇంట్లోనే లెక్కపెట్టుకుంటే హాల్లో వేళ్లు మడవక్కర్లేదు. కంప్యూటర్‌లో మాటల లెక్క తెర మీదే కనిపిస్తుంది.

8. మొదటి టాస్క్‌లో "ఎందుకు" రాయొద్దు.

గుంటూరు మిర్చి యార్డుకు నెలనెలా వచ్చే మిర్చి ఎంతో చూపించే గ్రాఫ్ ఒకటి ఇచ్చారనుకోండి (ఇది ఊహ మాత్రమే). జనవరిలో తక్కువ, మార్చికి బాగా పెరిగింది, మేలో పడిపోయింది. మన పిల్లలు వెంటనే "కోతల సీజన్ కాబట్టి పెరిగింది, ఎండాకాలం యార్డుకు సెలవులు కాబట్టి తగ్గింది" అని రాసేస్తారు. నిజమే కావచ్చు. గ్రాఫ్‌లో లేదు కాబట్టి దానికి మార్కులూ లేవు, దాని మీద పెట్టిన మూడు నిమిషాలు కూడా పోయాయి. రీడింగ్‌లో "తె" గుర్తు పడిన తప్పే ఇక్కడా చేస్తున్నారు.

రాసే వరస: ప్రశ్నలో ఉన్న వాక్యాన్ని మీ మాటల్లో ఒకసారి చెప్పండి. మక్కీకి మక్కీ ఎక్కిస్తే ఆ మాటలను లెక్కలోకి తీసుకోరు. తర్వాత ఓవర్‌వ్యూ, అంటే దూరం నుంచి చూస్తే కనిపించే పెద్ద విషయం, రెండు వాక్యాలు. ఆ తర్వాత రెండు పేరాల్లో ముఖ్యమైన అంకెలు, పోలికలతో. కంక్లూజన్ అక్కర్లేదు.

7 కావాలంటే స్పష్టమైన ఓవర్‌వ్యూ ఉండి తీరాలి. సరిచూసుకోవడం తేలిక: గ్రాఫ్ చూడని మనిషికి ఆ రెండు వాక్యాలే చదివి వినిపించి, గీత ఎటు పోయిందో గాల్లో వేలితో గీయమనండి. గీయగలిగితే వచ్చినట్టే. ప్రతి నెల అంకెనూ వరసబెట్టి దించేయడం ఇంకో పొరపాటు, ఎంచుకోవడం కూడా ఇక్కడ పరీక్షే. గ్రాఫ్‌లో మిలియన్లు ఉంటే మిలియన్లే రాయండి, లక్షల్లోకి, కోట్లలోకి మార్చకండి.

9. రెండో టాస్క్‌లో ప్రశ్నకే జవాబు రాయండి.

ఉదాహరణకు ప్రశ్న ఇది: "నగరాల్లో సొంత వాహనాలు తగ్గించడానికి పెట్రోలు ధర పెంచడమే అన్నిటికంటే మంచి మార్గం. మీరు ఎంతవరకు ఒప్పుకుంటారు?"

సగం మంది ట్రాఫిక్ గురించి, పొగ గురించి, భూమి వేడెక్కడం గురించి రాస్తారు. ప్రశ్న అది కాదు. "పెట్రోలు ధర", "అన్నిటికంటే మంచి" అనే రెండు మాటల మీదే వ్యాసం నిలబడాలి. వేరే మార్గాలతో పోల్చకపోతే జవాబు ఇవ్వనట్టే. కలం పట్టే ముందు ఐదు నిమిషాలు ప్లాన్‌కు ఇవ్వండి: నా అభిప్రాయం ఒక వాక్యం, కారణాలు రెండు, ఒక్కోదానికి ఒక ఉదాహరణ.

ఉదాహరణ మీ కళ్లెదుటిదే వాడండి. మంగళగిరి నుంచి రోజూ విజయవాడకు బైకు మీద వచ్చే ఉద్యోగి పెట్రోలు పెరిగిందని బైకు మానడు, ఇంట్లో ఇంకో ఖర్చు తగ్గించుకుంటాడు. ఇది "ఒక సర్వే ప్రకారం 80 శాతం మంది" అని కల్పించి రాసేదాని కంటే నమ్మేలా ఉంటుంది. దిద్దేవాళ్లకు మంగళగిరి తెలియదు కాబట్టి "నగరానికి దగ్గర్లోని చిన్న పట్టణం" అని నాలుగు మాటలు కలపండి, చాలు.

ఇక టెంప్లేట్ల సంగతి. "ఈ ఆధునిక యుగంలో ఇది ఎంతో చర్చనీయాంశమైన విషయం" అనే ధోరణిలో మొదలయ్యే రెడీమేడ్ పేరా మీ బ్యాచ్‌లో అందరి దగ్గరా ఉంటుంది. బట్టీ పట్టిన భాష దిద్దేవాళ్లకు ఇట్టే దొరికిపోతుంది, దానికి మార్కులు రావు. పేరాల వరస గుర్తుపెట్టుకోండి, తప్పులేదు. వాక్యాలు మాత్రం ఆ రోజు, ఆ ప్రశ్నకు పుట్టాలి.

"రెండు వైపులా చర్చించి మీ అభిప్రాయం చెప్పండి" అన్నప్పుడు అభిప్రాయం మరిచిపోవడం, రెండు ప్రశ్నలు అడిగితే ఒకదానికే రాయడం, పాయింట్లుగా విడగొట్టి రాయడం: ఈ మూడూ తరచూ చూసేవే.

10. తెలుగువాళ్లకు అంటిన గ్రామర్ తప్పుల జాబితా ఒకటి పెట్టుకోండి.

అన్నీ ఒకేసారి సరిచేయలేరు, వారానికి ఒకటి పట్టుకోండి. తెలుగులో 'ఎ', 'ద' లాంటి ఆర్టికల్స్ లేవు కాబట్టి మనం వాటిని వదిలేస్తాం, లేదా ప్రతిచోటా 'ద' తగిలిస్తాం. "ఇన్ఫర్మేషన్స్", "ఎక్విప్‌మెంట్స్", "అడ్వైసెస్", "పీపుల్స్" అని బహువచనాలు చేస్తాం. "డిస్కస్ అబౌట్", "రిటర్న్ బ్యాక్" అంటాం. కర్త 'హీ', 'షీ', 'ఇట్' లాంటి ఏకవచనమైతే క్రియ చివర 'ఎస్' మింగేస్తాం.

వ్యాసాన్ని నాలుగు కొలతలతో దిద్దుతారు: ప్రశ్నకు జవాబు ఇచ్చారా, పేరాలు ఒకదానికొకటి అతికాయా, పదసంపద, గ్రామర్. నాలుగింటికీ సమాన విలువ. పెద్ద పెద్ద మాటల కోసం తంటాలు పడేవాళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. సరిగ్గా కుదరని పెద్ద మాట కంటే కుదిరిన చిన్న మాటే మార్కు తెస్తుంది.

11. రాసినదాన్ని రెండు రోజులు ఆగి మీరే దిద్దండి.

మొదట ప్రతి పేరాలో మొదటి వాక్యం మాత్రమే విడిగా చదవండి. ఆ వాక్యాలన్నీ కలిపితే ప్రశ్నకు జవాబు తెలియాలి. తర్వాత పైకి చదవండి, ఊపిరి అందని వాక్యాన్ని రెండుగా విడగొట్టండి. చివరగా మీ జాబితాలో ఆ వారం పట్టుకున్న తప్పు ఒక్కదాన్నే వెతకండి. యాప్‌లు గ్రామర్ తప్పులు చూపిస్తే తీసుకోండి, అవి ఇచ్చే బ్యాండ్ నంబరును మాత్రం అంతగా నమ్మకండి.

తర్వాత అదే ప్రశ్నకు మళ్లీ రాయండి. కొత్త ప్రశ్నలు పది రాయడం కంటే పాత ప్రశ్నలు మూడు తిరగరాస్తే ఎక్కువ కదలిక కనిపిస్తుంది. ఇది బోర్ కొడుతుంది, ఎవరూ చేయరు. 5.5 నుంచి 6.5కు వెళ్లినవాళ్లు చేసింది ఎక్కువగా ఇదే.

పరీక్ష రోజు, ఆ తర్వాత

లిజనింగ్, రీడింగ్, రైటింగ్ విరామం లేకుండా వరసగా జరుగుతాయి. రెండున్నర గంటలకు పైగా కూర్చోవాలి. అందుకే పరీక్షకు ముందు కనీసం ఒకసారైనా ఇంట్లో మూడింటినీ అదే వరసలో లేవకుండా రాయండి. రైటింగ్ దగ్గరికి వచ్చేసరికి బుర్ర ఎలా ఉంటుందో అప్పుడే తెలుస్తుంది. ఒరిజినల్ పాస్‌పోర్ట్ ముందు రోజు రాత్రే బ్యాగులో పెట్టుకోండి. గుంటూరు నుంచి విజయవాడ సెంటర్‌కు వచ్చేవాళ్లు కనకదుర్గమ్మ వారధి మీద ట్రాఫిక్‌ను లెక్కలో వేసుకుని బయల్దేరండి. ఆలస్యమైతే లోపలికి రానివ్వరు, ఆ టెన్షన్‌తో వెళ్లినా మొదటి పాఠం బుర్రకెక్కదు.

రిజల్ట్ వచ్చాక మొత్తం బ్యాండ్ లెక్క మీరే వేసుకోవచ్చు. నాలుగు స్కోర్ల సగటు .25 దగ్గర ఆగితే పై సగానికి, .75 దగ్గర ఆగితే పై పూర్తి అంకెకు వెళుతుంది. 6.25 వస్తే 6.5 అన్నమాట. స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. రైటింగ్ మరీ అన్యాయంగా తగ్గిందనిపిస్తే ఫీజు కట్టి మళ్లీ దిద్దమని అడగొచ్చు, బ్యాండ్ మారితే ఆ ఫీజు తిరిగిస్తారు. కంప్యూటర్ మీద రాసి ఒక్క విభాగంలోనే వెనకబడినవాళ్లకు 60 రోజుల్లోపు ఆ ఒక్కదాన్నే మళ్లీ రాసే వన్ స్కిల్ రీటేక్ ఉంది. అయితే దాన్ని అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు. డబ్బు కట్టే ముందు మీరు అప్లై చేసిన యూనివర్సిటీకి మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు వచ్చాకే బుక్ చేసుకోండి.